ఏడో నంబరు నిద్ర

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నవాడెవడో పడుకోగానే గుర్రుపెట్టే రకమై ఉంటాడు. పన్నెండేళ్లుగా నిద్ర రానివాళ్ల మధ్య పనిచేస్తున్న ఆ పరిశోధకురాలికి ఆ సామెత వింటేనే ఒళ్లు మంట. మెత్తని పరుపు మీద తెల్లవార్లూ కళ్లు తెరుచుకుని ఉండేవాళ్లే ఆమె దగ్గరికి వస్తారు. "మనసు ప్రశాంతంగా ఉంచుకోండి, నిద్ర అదే వస్తుంది" అని లోకం వాళ్లకు ఉచితంగా పంచే సలహా అంటే మరీ మంట. ఆమెది తలకిందుల లెక్క: ముందు నిద్రను దారిలో పెడితే, మనసు దాని వెనకే రావచ్చు. వస్తుందో రాదో తేల్చడానికే పన్నెండు మందితో ఈ పరిశోధన.

వైద్యం వినడానికి మొరటుగా ఉంటుంది. పన్నెండున్నర దాకా పక్క ఎక్కకూడదు, ఆరింటికల్లా దిగిపోవాలి. మణికట్టుకు వాచీ లాంటి పట్టీ కడతారు. ఒంటి కదలికలను బట్టి అది నిద్రను కొలుస్తుంది.

ఏడో నంబరు ఒక టైలరు. నాలుగు నెలలుగా కత్తెర ముట్టలేదు. మొదటిరోజు భార్యే మాట్లాడింది.

"ఈయనకి నిద్రా లేదు, మాటా లేదు డాక్టరమ్మా. పెళ్లైన కొత్తలో నోరు మూయమని నేనే మొక్కుకునేదాన్ని. ఇప్పుడు తిట్టినా బాగుండుననిపిస్తోంది."

దిగులును కొలిచే తొమ్మిది ప్రశ్నలకూ తలూపుతూ ఆయన తెచ్చుకున్న మార్కులు ఇరవై ఏడుకి పంతొమ్మిది. పరీక్షల్లో మంచి మార్కులే, ఇక్కడ కాదు.

నాలుగో వారం విభాగాధిపతి ఏడో నంబరు గ్రాఫు పట్టుకుని ఆమె గదిలోకి దాదాపు పరుగెత్తుకొచ్చాడు.

"చూశావామ్మా? ఐదున్నర గంటలు, అటునుంచి ఇటు పొర్లలేదు! ఇది మొదటి పేజీలో వెయ్యి. శుక్రవారానికి నివేదిక వెళ్లిపోవాలి."

ఆమెకు సంతోషం వేయలేదు, అనుమానం వేసింది. పసిపాప కూడా నిద్రలో కాలు విదిలిస్తుంది. మధ్యాహ్నం బస్సెక్కి టైలరు కొట్టుకు వెళ్లింది.

షట్టరు ఎత్తి ఉంది. మిషను టకటకమంటోంది. టైలరు నోట్లో గుండుసూదులు పెట్టుకుని, చేత్తోనే కూర్చోమన్నాడు. మణికట్టుకు పట్టీ బుద్ధిగా ఉంది.

"రాత్రిళ్లు కూడా ఉంటుందా ఇది?"

ఆయన సూదులు తీసి డబ్బాలో వేశాడు. "పడుకునేటప్పుడు వాచీ ఎవరు పెట్టుకుంటారండీ? తీసి సొరుగులో పెడతా, లేవగానే కట్టుకుంటా. స్నానానికి తీయొద్దన్నారు, ఒక్కరోజూ తీయలేదు."

ఆమె తల పట్టుకుంది. నిజమే, స్నానం గురించి రెండుసార్లు చెప్పింది. పడుకునేటప్పుడు ఉంచుకోమని చెప్పాలన్న ఆలోచనే రాలేదు. అంటే నెలరోజులుగా ప్రశాంతంగా నిద్రపోయింది సొరుగు.

"మరి మీకు నిద్ర పడుతోందా?"

"ఏమోనండీ. పన్నెండున్నర దాకా పక్క ఎక్కొద్దంటిరి. ఊరికే కూర్చోలేక, కుట్టకుండా ఉండిపోయిన పాత బట్టలు ముందేసుకున్నా. తర్వాతేం జరుగుతోందో నాకు తెలీదు, మా ఆవిణ్ణడగండి."

"ఏం జరుగుతుందీ, గురక!" లోపల్నుంచి జవాబొచ్చింది. "నా నిద్ర కూడా ఈయనే పోతున్నాడు."

అక్కడే, కత్తిరింపు బల్ల దగ్గరే, ఆమె తొమ్మిది ప్రశ్నలూ మళ్లీ అడిగింది. ఈసారి ఆరు మార్కులు.

శుక్రవారం నివేదికలో ఏడో నంబరు ఎదురుగా ఇలా రాసింది: దిగులు తగ్గింది, నిద్ర కొలవలేదు, లోపం మా సూచనలది.

విభాగాధిపతి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. "గురక ఉందిగా, భార్య సాక్ష్యం ఉందిగా! ఏదో ఒక అంకె వెయ్యొచ్చుగా?"

"ఆవిడ గురక విన్నదండీ, గంటలు కొలవలేదు. ఇంకో రెండు వారాలు పట్టీ కట్టుకుని పడుకోమన్నాను, సరేనన్నాడు. అప్పుడు వేద్దాం."

ఆయన కాసేపు గొణిగి సంతకం పెట్టాడు. పెట్టి, కాలరు సర్దుకుంటూ అడిగాడు: "బాగా కుడతాడా? రెండు చొక్కాలు ఇద్దామని."

"నెల తర్వాత రమ్మంటున్నాడండీ. చేతినిండా పనుందట."