నడుం వాల్చే చోటు

ఒడ్డు దగ్గర చేప తగ్గిపోయాక, భైరవపాలెం లోవరాజుకి తన తెరచాప నావని దూరపు వేటకి సిద్ధం చెయ్యక తప్పలేదు. ఇన్నేళ్లూ పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చిన మనిషి, ఇక వారమేసి రోజులు సముద్రం మీదే ఉండాలి.

వేట లేని ఎండాకాలమంతా ఆ పనితోనే గడిచింది. నావకి ఇంజను బిగించారు. మంచినీళ్ల డ్రమ్ములు, వైర్‌లెస్ సెట్టు ఎక్కించారు. మధ్యలో పెద్ద ఐసుపెట్టె కోసం వడ్రంగి చెక్కలు కోస్తున్నాడు.

ఆ మధ్యాహ్నం అన్నం తెచ్చిన భార్య లోవలక్ష్మి నావెక్కి అంతా చూసింది.

"అన్నిటికీ చోటుంది గానీ, నువ్వెక్కడ పడుకుంటావయ్యా?"

"ఏదో మూల ఒరుగుతాలే."

"వారం రోజులూ ఒరిగే ఉంటావా?"

ఈ పనులతో అప్పటికే లోవరాజు నడుం పట్టేసి ఉంది. అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక, ఐసుపెట్టె పొడవు ఒక మనిషి పట్టేంత తగ్గించమని వడ్రంగికి చెప్పాడు.

నావలో వాటా ఉన్న బావమరిది దుర్గాసాయికి కోపమొచ్చింది.

"ఐసు తగ్గితే అందరికంటే ముందే తిరిగి రావాలి బావా. చేప తక్కువైపోద్ది."

"అవనీరా. నాకు ఓపిక లేదు."

తొలి వేట నుంచి అన్ని నావలకంటే ముందు వాళ్లదే రేవుకొచ్చింది. చేప తక్కువే. దుర్గాసాయి ముఖం ముడుచుకుని బుట్టలు దించాడు.

ఇంటికొచ్చిన లోవరాజుని, "నిద్ర పట్టిందా?" అని అడిగింది లోవలక్ష్మి.

"ఇంజను మోతకి నిద్రెక్కడ పడుద్ది? నడుం మాత్రం వాల్చాను. అదే చాల్లే" అంటూ గోడకి చేరగిలబడ్డాడు.