ఎండిన పువ్వు రంగు

పోయిన శుక్రవారం ఆత్మకూరు బస్సు ఉదయగిరిలో మా సందు మొదట్లో ఆగింది. కండక్టరు దిగి మా గుమ్మం దాకా నడిచి వచ్చాడు. ఎప్పుడూ బస్సులోంచే కేకేసే మనిషి. "మాస్టారు పోయినాడమ్మా. గుండె నొప్పంట," అన్నాడు. నేను అప్పుడే నమాజు ముగించి ఇంకా చాప మీదే ఉన్నాను.

ఆ మాస్టారు మా తమ్ముడు. ఆత్మకూరులో బాటనీ చెప్పేవాడు. వానలు మొదలైతే చాలు, ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వచ్చి కొండెక్కేవాడు. సంచి నిండా మొక్కలతో దిగేవాడు. వాటిని పాత పేపర్ల మధ్య పరిచి, పైన ఒక పలక వేసి, దాని మీద నా రుబ్బురోలు పొత్రం ఎత్తి పెట్టేవాడు.

"పప్పు దేంతో రుబ్బుకోమంటావురా?"

"వడలు వచ్చే వారం చేసుకో ఆపా. ఈ మొక్క వచ్చే వారం ఉండదు."

అతను ఆత్మకూరు వెళ్ళిపోయాక తడి పేపర్లు మార్చే పని నాది.

ప్రతి మొక్కా రెండేసి తెచ్చేవాడు. ఒకటి దాచడానికి, ఒకటి అడిగినవాళ్ళకు ఇవ్వడానికి. ప్రతిదానికీ దారంతో ఒక చీటీ కట్టేవాడు. దొరికిన చోటు, పువ్వు రంగు, ఏరినవాడి పేరు. "ఎండితే రంగు నిలవదు ఆపా. చెట్టున చూసినవాడు రాసిపెడితేనే తెలిసేది," అనేవాడు. "బీరువాలో దాస్తే మొక్క చచ్చినట్టే. నలుగురు చూస్తేనే బతికుండాది," అని కూడా అనేవాడు.

ఒక ఏడు కొండ వెనక వాలులో ఒక చిన్న తెల్లపువ్వు మొక్క దొరికింది. అంతవరకు ఏ పుస్తకంలోనూ లేదన్నాడు. అది విని పట్నం నుంచి ఒక ప్రొఫెసరు వచ్చాడు. మా ఇంట్లోనే భోజనం చేశాడు. పోల్చి చూడాలి, రెండూ కావాలి, నెలలో తిరిగి పంపిస్తానన్నాడు. తమ్ముడు రెండూ ఇచ్చేశాడు. ఆ ఒక్కసారే తన పద్ధతి తప్పాడు.

మొక్కలు రాలేదు. చాలా రోజులకు ప్రొఫెసరు రాసిన వ్యాసం అచ్చులో వచ్చింది. తమ్ముడు మా వరండాలో కూర్చుని చదివి పకపకా నవ్వాడు.

"పువ్వు గోధుమరంగంట ఆపా!"

"నీ పేరు ఎక్కడుండాదిరా?"

"లేదులే. నా పేరు ఉండాదని చీటీలు పీకేసినట్టున్నారు. రంగు కూడా దాంతోనే పోయె."

నవ్వు ఆగాక ఆ వ్యాసం మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఆ ప్రొఫెసరును కలవడానికి పట్నం వెళ్ళాడు. సాయంత్రం దాకా వరండాలో కూర్చోబెట్టారట. బయటివాళ్ళు నమూనాలు ముట్టుకోకూడదన్నారట. చివరికి ప్రొఫెసరు వచ్చి, "తెలుపని ఏమిటండీ ఆధారం?" అని అడిగాడట.

"నేను కట్టిన చీటీ సార్."

"మాకు చీటీలేవీ రాలేదే."

మా ఇంట్లో అన్నం తిన్న మనిషి ఆ మాట అన్నాడు.

ఆధారం తెస్తానని తమ్ముడు మళ్ళీ కొండెక్కాడు. ఆ ఏడు వాన లేదు. మేకలు వాలంతా మేసి ఉన్నాయి. తరువాత వానలు పడ్డాయి కానీ ఆ మొక్క మళ్ళీ కనబడలేదు. ప్రతి ఏడూ వెతికాడు. గుండె బాగాలేదని డాక్టరు వద్దన్నా ఎక్కాడు. ఖాళీ సంచితో దిగి, నా చేతి మంచినీళ్ళు తాగి, బస్సెక్కి వెళ్ళిపోయేవాడు. అచ్చులో ఆ పువ్వు ఇంకా గోధుమరంగుగానే ఉంది.

అయినా ఇవ్వడం మానలేదు. వింజమూరు నుంచి ఒక పంతులు వచ్చి అడిగితే కట్టలు కట్టలు ఇచ్చాడు. నేను వారించాను. "ఒకడు మింగినాడని అందరికీ గిన్నె బోర్లించేదా ఆపా?" అన్నాడు. ఆ మంచితనం నాకు అప్పుడు నచ్చలేదు. ఇప్పుడూ నచ్చడం లేదు. అతను ఆ ప్రొఫెసరును క్షమించానన్నాడు. క్షమించే శక్తి నాకూ ఇమ్మని అయిదు పూటలా అడుగుతున్నాను. ఇంకా రాలేదు.

ఖననం రోజు అతని విద్యార్థులు గంపలతో మల్లెలు తెచ్చి సమాధి నిండా పరిచారట. మూడో రోజు ఫాతిహా ప్రార్థనకు మగవాళ్ళు ఖబరస్తాను లోపలికి వెళ్ళారు. ఆడవాళ్ళం వెళ్ళం. నేను గోడ బయట నిలబడి చూశాను. ఎండకు మల్లెలన్నీ ముడుచుకుని మట్టికి అతుక్కుపోయాయి. ఒక్కటీ తెల్లగా లేదు.