దీపం వెంట పోయిన లారీ

ధాన్యం లారీని, దాని వెనక ట్రైలరును, పక్కన కూర్చున్న కొత్త పెళ్లాన్ని ఒకే దెబ్బకు కాలువలో ముంచబోయిన ఘనుణ్ణి మా జిల్లా మొత్తం మీద నేనొక్కణ్ణే అనుకుంటాను. ఇంకెవరైనా ఉంటే, చెప్పుకోవడానికి మిగిలి ఉండరు. నేను మిగిలానంటే అది నా తెలివి వల్ల కాదని ముందే మనవి చేస్తున్నాను.

పెద్ద యుద్ధం ఇంకా రాని రోజులు. తాడేపల్లిగూడెంలో ఒక బియ్యపు మిల్లుకు లారీ నడిపేవాణ్ణి. అప్పట్లో లారీ డ్రైవరంటే డాక్టరుగారంతటి మర్యాద. ఆ ఏడు మిల్లు యజమాని లారీకి ఒక ట్రైలరు కూడా తగిలించేసరికి నేను నేల మీద నడవడం మానేశాను. దాన్ని వెనక్కి నడపడం మాత్రం నాకు రాదు. నేను స్టీరింగు ఇటు తిప్పితే అది అలిగినట్టు అటు పోయేది. అందుకని ఎక్కడికి వెళ్లినా ముందుకే వెళ్లేవాణ్ణి.

మార్గశిరమాసంలో గణపవరం నుంచి కొత్త ధాన్యం తెస్తూ, కాపురానికి వస్తున్న మా రత్నాన్ని కూడా ఎక్కించుకున్నాను. అత్తవారిది ఆ పక్క ఊరే. పొద్దు వాలింది, మంచు పడుతుంది, తెల్లారాక వెళ్లమని మామగారు బతిమాలారు. నా లారీకి ఒక దీపం గుడ్డిది, రెండోది మెల్లకన్నుది. ఆ మాట అత్తవారింట్లో ఎవరైనా చెప్పుకుంటారా? చీకట్లో లారీ నడపడం నాకు అన్నం తినడంతో సమానమని చెప్పి బయలుదేరాను.

కాలువ గట్టు ఎక్కేసరికి చీకటీ మంచూ కలిసి కమ్ముకున్నాయి. నా బానెట్టు నాకే కనపడలేదు. అంతలో ముందు ఒక లాంతరు మిణుకుమంది. ఎవరో బండి తోలుకుపోతున్నారు, వెంట పోతే చాలనుకున్నాను. లాంతరు జోరు పెంచితే నేనూ పెంచాను. ఒక్క కుదుపు లేకుండా అంత తిన్నగా బండి తోలేవాణ్ణి ఎక్కడా చూడలేదని పైకే మెచ్చుకున్నాను.

"ఏవండీ, దీపం కింద ఇంకో దీపం కనపడుతోందండీ," అంది రత్నం.

"మంచులో అలాగే ఉంటుంది. నీకు లారీల సంగతి తెలీదు."

"లారీల సంగతి తెలీదండీ. నీళ్ల సంగతి తెలుసు."

ఆ మాట నా చెవిలో దూరేలోపే రోడ్డు కుడికి తిరిగింది. దీపం తిన్నగా పోయింది. నేనూ తిన్నగా పోయాను.

ఎడమ ముందు చక్రం గట్టు దాటి గాలిలో వేలాడింది. ఇంజను ఆగిపోయింది. కింద నీళ్ల చప్పుడు. బస్తాల బరువుతో ట్రైలరు వెనక నుంచి పట్టి ఉంచింది కాబట్టి సరిపోయింది. నేను లారీని మళ్లీ స్టార్టు చేసి వెనక్కి లాగబోయాను. రత్నం నా చెయ్యి పట్టుకుంది.

"కదపకండి. వెనకది ఎటు తిరుగుతుందో కనపడదు కదండీ. ముందు నన్ను దించండి."

దించాను. చక్రాలకు అడ్డు పెడదామంటే ఆ గట్టు మీద రాయి అన్నది లేదు. రత్నం తన సామాను విప్పి, కాపురానికని పుట్టింటివాళ్లిచ్చిన సన్నికల్లూ పొత్రమూ తీసి చక్రాల ముందు పెట్టించింది.

ఇంతలో ఆ లాంతరే మా వైపు వచ్చింది. పట్టుకున్నవాడు సత్తెయ్య అనే పడవవాడు. వస్తూనే లారీని మోకుతో తాడిచెట్టుకు కట్టాడు. తన లాంతరు తీసి, వచ్చే బళ్లు గుద్దుకోకుండా ట్రైలరు వెనక తగిలించాడు. తరవాత మమ్మల్ని పడవలో కూర్చోబెట్టి వేడి అన్నం, కొరమేను పులుసు పెట్టాడు. అంత కమ్మని భోజనం మా పెళ్లిలో కూడా తినలేదు. తెల్లవారాక ఊళ్లోవాళ్లను పిలుచుకొచ్చి, బస్తాలు దింపించి, లారీని రోడ్డెక్కించాడు. రత్నం అతనికి దణ్ణం పెట్టింది. నేనూ పెట్టాను. సత్తెయ్య మొహమాటపడుతూ తలగోక్కున్నాడు.

"ఒక్క మాట అడుగుతాను, ఏవనుకోకండి డ్రైవరుగారూ. రాత్రి ఎవరో తరుముతున్నారని భయపడి, చేతులు పడిపోయేలా గెడ వేసి పడవ తోశానండీ. నేను జోరు పెంచితే మీరూ పెంచారు. ఇంతకీ నావల్ల తప్పేం జరిగిందండీ?"

ఆ గట్టు మీదే తూర్పుకు తిరిగి ప్రతిజ్ఞ చేశాను. దీపాలు రెండూ సరిగ్గా వెలిగితే తప్ప చీకటి పడ్డాక ట్రైలరు కదపను. ముందు ఏ దీపం కనపడినా, దిగి వెళ్లి, దానికి చక్రాలున్నాయో లేవో చేత్తో తడిమి చూశాకే దాని వెంట పోతాను.