చేదు గడ్డలు తిన్న ఏడాది

నా చిన్నప్పుడు సంతలో ధరలు పెరిగిన సంగతి మాకు అమ్మ చేతి కొలతను బట్టి తెలిసేది. రోజూ సోలెడు బియ్యం పోసే మనిషి అరసోలకు దిగింది. తర్వాత బియ్యం మాని నూకలకు, నూకలు మాని జొన్న గటకకు వచ్చింది. కూరకు నూనె పోయడం మానేసి, గుడ్డపేలికను నూనెలో ముంచి దాంతో మూకుడు తుడిచేది. చింతపండు పిసికాక ఆ పిప్పిని పారెయ్యకుండా ఎండబెట్టి మర్నాడు మళ్ళీ నానేసేది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి నాలుగు. వాడికి కొలతలు తెలియవు, ఆకలే తెలుసు. నాది రెండూ తెలిసే వయసు.

మాది భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న చిన్న ఊరు. మేము అక్కడి వాళ్ళం కాదు. నాన్న తిరుమలాయపాలెం వైపు నుంచి వెదురు కొట్టే పనికి వచ్చి అక్కడే పాక వేసుకున్నాడు. అడవి మా పెరటి దడి దాకా ఉన్నా, అమ్మకు అందులో ఏ చెట్టు ఏమిటో తెలియదు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వెదురు పని ఆగిపోయింది. వైరా చెరువు కింద పొలాల్లో పని దొరుకుతుందని నాన్న వెళ్ళాడు. ఎవరైనా ఇటు వస్తుంటే వాళ్ళ చేత ఇంత డబ్బు పంపేవాడు. అది చేతికందేసరికి సంతలో దానికి వచ్చే సరుకు ఇంకాస్త తగ్గి ఉండేది. సంతలో పప్పులు, ఉప్పులు అమ్మే సాయిబు మంచివాడే. "నాకే పిరం పడుతున్నదమ్మా, నేనేం చెయ్యాలె" అని తల దించుకునేవాడు. ఒక వారం ఆయన కందిపప్పు బస్తా మూతి విప్పనే లేదు. అడిగేవాళ్ళు లేరట. కట్టిన ఆ బస్తాను చూస్తూ అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. ఆ వారం ఉప్పు మాత్రం కొనుక్కొని తిరిగి వచ్చాం.

వాగు అవతలి గూడెంలో ఒక కోయ అవ్వ ఉండేది. చింతపండు, బంక గంపలో పెట్టుకొని సంతకు పోతూ మా పాక ముందు ఆగి మంచినీళ్ళు తాగేది. కార్తీకమాసంలో ఒకరోజు అలా ఆగినప్పుడు తమ్ముడు గంజి గిన్నె నాకుతూ కనిపించాడు. అవ్వ వాణ్ణి చూసింది, అమ్మను చూసింది. గంప దింపి, "గునపం ఉన్నదా పిల్లా, పట్టుకొని నా ఎంట రా" అంది. ఆ రోజు తన సంత మానుకుంది.

అవ్వ మాకు అడవిలో ఒక తీగను చూపింది. దాని మొదలు దగ్గర తవ్వితే మనిషి తలంత గడ్డ బయటపడింది. తెల్లగా, నిండుగా ఉంది. నాకు నోరూరింది. అవ్వ నా చెయ్యి పట్టుకొని ఆపింది. "ఇది గిట్లనే తింటే మనిషి లేవడు బిడ్డా. నీళ్ళు దీన్ని మంచిగ చెయ్యాలె. నిలిచిన నీళ్ళు పనికిరావు, పారే నీళ్ళు కావాలె" అంది. గడ్డను పలచగా కోయించింది. గంపలో పోసి, వాగు మధ్య ధార తగిలే చోట రాయి బరువు పెట్టి ఉంచింది. ఎన్ని రోజులుంచాలో, ఆ తర్వాత ఎన్నిసార్లు ఉడకబెట్టి నీళ్ళు పారబోయాలో అమ్మ చేత మళ్ళీ మళ్ళీ చెప్పించింది. మా పెరట్లో పడేసిన తొక్కల దగ్గరికి కోడి కూడా రాలేదు. అది చూసి నాకు భయం వేసింది.

గడ్డలు ఉడికిన రోజు అవ్వ మళ్ళీ వచ్చింది. గిన్నెలోంచి ఒక ముక్క తీసి తాను తిని, మిగిలినదాని మీద మూత పెట్టి, దాని పక్కనే కూర్చుంది. "ముందుగాల పెద్దోళ్ళు తినాలె. పొద్దు వాలేదాక ఏం కాకపోతే అప్పుడు పిల్లలకు పెట్టాలె" అంది. మేము ముగ్గురం ఆమె మొహంలోకి చూస్తూ కూర్చున్నాం. ఆమె కళ్ళు మూసుకున్నప్పుడల్లా నేను ఆమె చీర కొంగు పట్టుకొని లాగాను. పొద్దు వాలాక లేచి, చీర దులుపుకొని, "ఇగ తినుర్రి" అంది. ఆ గడ్డలకు ఉప్పు తప్ప రుచి లేదు. అయినా కడుపు నిండింది.

ఆ తర్వాత రెండుసార్లు అవ్వే దగ్గరుండి చేయించింది. మూడోసారి వచ్చినప్పుడు, "ఇంట్ల గింజలున్నయా పిల్లా, మా కాడ కొన్ని జొన్నలున్నయి" అంది. "ఉన్నయి అవ్వా, ఆయన మొన్ననే పంపిండు" అంది అమ్మ. నాన్న ఏమీ పంపలేదు. జొన్నల కుండ అడుగు కనిపించి అప్పటికి వారం. నేను నోరు తెరవబోతే అమ్మ తన కాలితో నా కాలు గట్టిగా తొక్కింది. పరాయి ఊరి నుంచి వచ్చి బతుకుతున్నవాళ్ళం, అడుక్కునేవాళ్ళం అనిపించుకోకూడదని ఆమె పట్టుదల. అవ్వ నా కాలి వైపు చూసిందో లేదో నాకిప్పటికీ తెలియదు. మరి రెండు నెలలు ఆమె మా వైపు రాలేదు. సంతకు తేవడానికి ఆమె దగ్గర కూడా ఏమీ లేదని తర్వాత తెలిసింది.

ఫాల్గుణం వచ్చేసరికి వాగు చప్పుడు ఆగిపోయింది. రాత్రింబవళ్ళు వింటున్న చప్పుడు కాబట్టి అది ఆగిన రోజు ఊరంతా చెవుడు వచ్చినట్టు అనిపించింది. ఇసకలో అక్కడక్కడా మడుగులు మిగిలాయి. అమ్మ ఒక్కతే వెళ్ళి గడ్డ తవ్వుకొచ్చింది. పలచగానే కోసింది. గంపను మడుగులో ముంచి రాయి పెట్టింది. మర్నాడు నన్ను వెంటబెట్టుకొని చూడబోతే గంప చుట్టూ చిన్న చిన్న చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. అమ్మ వాటిని చేత్తో పక్కకు నెట్టింది. గంపను ఇంకో మడుగులోకి మార్చింది.

అవ్వ చెప్పినన్ని రోజులు గంప నీళ్ళలో ఉండలేదు. తమ్ముడు ఏడవడం కూడా మానేసి గోడకు ఆనుకొని పడుకొనే ఉంటున్నాడు. అందుకే అమ్మ తొందరపడింది. అవ్వ చెప్పినదానికంటే రెండుసార్లు ఎక్కువే ఉడకబెట్టి, నీళ్ళు పారబోసింది. మధ్యాహ్నానికి గిన్నె దించి మూత పెట్టి, నన్ను దగ్గరికి పిలిచింది. నా జుట్టు సరిచేసింది. "నేను లేచి పెట్టిందాక తమ్ముణ్ణి గిన్నె ముట్టనియ్యకు. నేను పండుకున్నంక నువ్వు పిలిస్తే పలకకపోతే, అవ్వ కాడికి ఉరుకు. జల్దీ పోవాలె. సమజైందా?" అంది. సమజైందన్నాను. ఏం సమజైందో నాకు తెలియదు. ఆమె రెండు ముక్కలు తిని గుంజకు ఆనుకొని కూర్చుంది.

మొదట గొంతు పట్టుకుంది. నీళ్ళు అడిగింది. ఇచ్చాను. తర్వాత ఏదో చెప్పబోయింది, నాలుక తిరగలేదు. నుదుటి మీద చెమట ముత్యాల్లా పట్టింది. వాంతి చేసుకుంది. పక్కకు ఒరిగిపోయింది. "అమ్మా" అన్నాను. పలకలేదు. సరిగ్గా అప్పుడే తమ్ముడు లేచి గిన్నె మూత తీశాడు. వాడి చేతిలో ముక్క ఉంది. నేను వాణ్ణి కొట్టాను. అంతకుముందెప్పుడూ వాణ్ణి కొట్టలేదు. ముక్క లాగేసి, గిన్నె ఎత్తుకెళ్ళి పెంటకుప్ప మీద బోర్లించి, పైన మట్టి కప్పాను. నేను వాడి ప్రాణం తీస్తున్నానన్నట్టు నన్ను చూశాడు. వాణ్ణి చంకనేసుకొని ఎండిన వాగులో ఇసక మీద పరిగెత్తాను. చంకలోంచి వాడు నన్ను గోళ్ళతో రక్కుతూనే ఉన్నాడు.

అవ్వ నా మొహం చూసింది. "వాగు ఎండినంక నానేసిందా?" అని అడిగింది. నేను తల ఊపాను. ఆమె ముసలి కాళ్ళకు అంత వేగం ఎక్కడిదో! మా కంటే ముందే పాక చేరి, అమ్మను పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోరు శుభ్రం చేసింది. సంత నుంచి తిరిగి వెళుతున్న సాయిబు ఎడ్లబండిని రోడ్డు మీద అడ్డంగా నిలబడి ఆపించింది. ఆయన బస్తాలన్నీ దింపి, అక్కడే చెట్టుకింద వదిలేసి, అమ్మను బండిలో వేసుకొని దవాఖానాకు తోలుకుపోయాడు. అవ్వ వెంట వెళ్ళబోయి, మమ్మల్ని చూసి ఆగిపోయింది.

మూడు రోజులు గూడెంలో అవ్వ ఇంట్లో ఉన్నాం. మొదటి పూట ఆమె మా ముందు జొన్న గటక పెట్టింది. నేను తినలేకపోయాను. ఆమె మొహంలోకే చూస్తూ కూర్చున్నాను. అవ్వకు అర్థమైంది. నా గిన్నెలోంచి ఒక ముద్ద తీసుకొని తిని, "ఇవి జొన్నలు బిడ్డా, జొన్నలు ఎవల్నీ ఏం చెయ్యవు" అంది. తర్వాత చూశాను, ఆమె కుండలో మిగిలినవి దోసెడు కూడా లేవు.

అమ్మ బతికింది. నాలుగో రోజు అదే బండిలో తిరిగి వచ్చింది. గొంతు చాలా రోజులు బొంగురుగానే ఉండిపోయింది. అవ్వ వచ్చి ఆమె ఎదురుగా కూర్చొని తిట్టింది. "ఏందే పిల్లా, గడ్డ తప్పు గాదు, వాగు తప్పు గాదు. నాడు జొన్నలున్నయా అంటే ఉన్నయంటివి. ఆ మాట నిన్ను పండబెట్టింది. పిల్లగాండ్లు తిని ఉంటే నేను నా మొహం ఏడ పెట్టుకోవాలె?" అమ్మ మోకాళ్ళ మీద తల పెట్టుకొని ఏడ్చింది. కాసేపటికి అవ్వ తిట్టడం ఆపి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. వానలు పడేదాకా రెండిళ్ళ పొయ్యి ఒకటే అయింది. ఉన్నది తక్కువే. కానీ ఎంత తక్కువో అందరికీ తెలిసేది.

చాలా ఏళ్ళ తర్వాత, నాకూ పిల్లలు పుట్టాక, ఆ చేపల సంగతి అమ్మను అడిగాను. "చూసిన బిడ్డా. చూసి కూడా, నేను తిని చూస్త గదా అనుకున్న. నాకేమన్నయితే మీరెట్లనో అది అనుకోలే" అంది.

ఇప్పుడు నేను ఖమ్మంలో ఒక కిరాయి ఇంట్లో ఉంటాను. నూనె, పప్పు ధరలు మళ్ళీ చెట్టెక్కాయి. పక్క వాటాలో ఒక చిన్న సంసారం ఉంది. ఆ అమ్మాయి భర్తకు పనులు సరిగా దొరకడం లేదని విన్నాను. ఈ మధ్య వాళ్ళ వంటింట్లోంచి పోపు వాసన రావడం లేదు. రెండు రోజులకోసారి వెళ్ళి గుమ్మంలో కూర్చుని, ఏం వండుకున్నావమ్మా అని అడుగుతాను. నవ్వుతూ ఏదో ఒక కూర పేరు చెబుతుంది. ఆ జవాబు ఎంత తొందరగా వస్తే నేను అంత ఆలస్యంగా లేస్తాను. నిన్న చాలాసేపు కూర్చున్నాను. ఆ పిల్ల నవ్వు మెల్లగా ఆగిపోయేదాకా, కళ్ళు దించుకునేదాకా కూర్చున్నాను. అప్పుడు అడిగాను, ఇంట్లో ఉన్న బియ్యం ఎన్ని రోజులకు వస్తాయని.