ఒక్కపొద్దుల పిల్ల

నా బిడ్డ మొదటి ఒక్కపొద్దు ఉన్నది శ్రావణ సోమవారం నాడు. దానికప్పుడు పదమూడేళ్లు. పగలంతా ఉపవాసం ఉండి సాయంత్రం ఒక్కపూట తినడం మా ఇంటి ఆడవాళ్లకు అలవాటే. నేను ఇరవై ఏళ్లుగా శనివారాలు ఉంటున్నాను. చెప్పకుండానే పిల్ల కూడా ఉంటానంటే నాకు కడుపు నిండిపోయింది. ఝరాసంగం గుడికి వెళ్లే ఆటోలో ముక్కూమొహం తెలియని వాళ్లకు కూడా చెప్పుకున్నాను.

సోమవారం తర్వాత శనివారం మొదలైంది, ఆ తర్వాత గురువారం. ఏకాదశులు వేరే. మా అత్త వాడంతా తిరిగి మనవరాలి భక్తి గురించి చాటింపు వేసింది. పిల్లల నోట్లో బతిమాలి ముద్దలు పెట్టే తల్లులు నా ముందు చిన్నబోతుంటే నాకు ఎంత గర్వమో! ఆ గర్వమే నా కళ్లు కప్పింది.

నేను బట్టలు కుడతాను. జహీరాబాద్‌లో మా ఇంటి ముందు గదిలోనే మిషను. ఎవరి జాకెట్టు కొలత ఎంతో నాకు నోటికొచ్చు. అలాంటిదాన్ని, బడి డ్రెస్సు వదులైందని నా పిల్ల తెచ్చిస్తే, ఎందుకైందని అడగకుండా రెండు వైపులా కుట్టు లోపలికి వేసిచ్చాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి, పొడుగవుతున్నావు కదా, సన్నబడతావులే అని నవ్వాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఎండాకాలంలో స్వెటర్ వేసుకుంటే జ్వరమేమో అనుకున్నాను. దువ్వెన నిండా జుట్టు వస్తే నీళ్లు పడలేదనుకున్నాను. నెలసరి ఆగిపోయిందని తెలిసినప్పుడు భయపడి దిష్టి తీశాను, తాయెత్తు కట్టించాను. సాయంత్రం ఒక్కపొద్దు విడిచేటప్పుడు అది రొట్టెను తుంచి తుంచి కంచం అంచున పేర్చేది. దాని చున్నీ కొంగులో ఎండిన రొట్టె ముక్కలు మూటకట్టి కనబడితే, పిట్టలకు వేస్తుందేమో అని దులిపి ఉతికేశాను.

ఒక గురువారం బడిలో ప్రార్థన దగ్గర పడిపోయింది. దవాఖానలో డాక్టరమ్మ ఏం తిన్నదని అడిగింది. ఒక్కపొద్దు అన్నాను, అప్పుడు కూడా కాస్త గొప్పగానే. ఆవిడ పిల్ల మణికట్టు వదలకుండా నా వైపు చూసింది.

"ఇది భక్తి కాదమ్మా, జబ్బు. లావైతనని భయపడి పిల్ల తిండి మానేసింది. మీకు తెల్వకుండ దేవుని పేరు అడ్డం పెట్టుకుంది. గుండె చాన నెమ్మదిగ కొట్టుకుంటున్నది. ఇంక లేట్ చేస్తె దక్కది."

ఆ పూటే సంగారెడ్డి పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. అక్కడ మనసు డాక్టరుతో అది ఒక సంగతి చెప్పిందట. పెద్దమనిషి అయినప్పుడు లంగా కుడుతూ, టేపు దాని నడుముకు చుట్టి, "ఇంత పెరిగినవేందే, గుడ్డ సాలదు" అన్నానట. నాకు గుర్తే లేదు. రోజుకు పదిమందితో అంటాను ఆ మాట.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గట్టిగా చెప్పాడు. మూడు పూటలా పక్కన కూర్చుని తిండి పెట్టాలి, తిట్టకూడదు, లావు సన్నం మాట ఇంట్లో ఎత్తకూడదు, తింటుంటే నోటి వైపే చూడకూడదు. ఒక్కపొద్దులు బంద్. అది పిల్లకు మాత్రమే అనుకున్నాను.

మరుసటి శనివారం పొద్దున జొన్నరొట్టె, పప్పు దాని ముందు పెట్టాను. కంచం నా వైపు జరిపింది.

"నీకు ఒక్కపొద్దే కద. మరి నాకెందుకు?"

ఇరవై ఏళ్ల శనివారాలు. లేచి వెళ్లి ఇంకో కంచం తెచ్చుకున్నాను. రొట్టె తుంచి పప్పులో అద్ది నోట్లో పెట్టుకున్నాను. వంటింటి గుమ్మంలో మా అత్త చూస్తూ నిలబడింది. ఏదో అంటుందని నాకు ఒళ్లు మండింది. ఆమె వెళ్లి దేవుడి గది తలుపు దగ్గరికి వేసి వచ్చి, మా పక్కనే కూర్చుని తనకూ ఒక రొట్టె పెట్టమంది.

పిల్ల చాలాసేపు మా ఇద్దరినీ చూసింది. చిన్న ముక్క తుంచింది. దాన్ని పట్టుకునే అడిగింది.

"ఒక్కపొద్దు ఉంటె అందరు మంచిపిల్ల అన్నరు. తింటె ఏమంటరమ్మా?"

పప్పు గిన్నె దాని వైపు జరిపాను. అది ఆ ముక్కను నోట్లో పెట్టుకుంది. నమలడం వినబడుతోంది, ఆగుతోంది, మళ్లీ వినబడుతోంది. మింగిందో లేదో తల ఎత్తి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. చూడకూడదన్నారు. నా కంచంలోకే చూస్తూ ఇంకో ముక్క తుంచుకున్నాను.