గిలాబు

పక్కింటి ఇటుక గోడకు సిమెంటు పూసి గిలాబు చేస్తున్నారు. తడి సిమెంటు వాసన కిటికీలోంచి రాగానే కోరుట్ల లైబ్రరీ గుర్తొచ్చింది.

మా బాపు బిల్డింగులకు నక్షలు గీసేవాడు. ఆయన గోడలకు గిలాబూ ఉండదు, సున్నమూ ఉండదు. ఇటుక ఇటుకలాగే కనబడాలి, పొద్దు తిరిగేకొద్దీ గోడ రంగు మారాలి అనేవాడు. బడిలో మాత్రం "మీ బాపు సగమే కడ్తడు" అని నన్ను ఏడిపించేవాళ్లు.

ఒకరోజు కోరుట్ల పెద్దమనుషులు జగిత్యాలలో మా ఇంటికొచ్చి, మమ్మల్ని జీపులో తీసుకుపోయారు. బాపు నక్ష గీసిన లైబ్రరీ గోడలన్నీ నున్నగా, బూడిదరంగులో, ఇంకా తడిగా ఉన్నాయి.

"మీరు గిలాబు మర్చిపోయిండ్రు సార్. ఊరోళ్లమంత కలిసి చేయించినం" అంటూ బాపు మెడలో దండ వేశారు.

దండ వేసిన చేతులను బాపు ఏమనగలడు? "మంచిగుంది" అన్నాడు. గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు తియ్యలేదు. నేను చప్పట్లు కొట్టాను.

తిరిగొస్తూ అడిగాను: "బాపూ, ఇగ లైబ్రరీ పూరా అయిపోయినట్టేనా?"

"అయిపోయింది బిడ్డా" అన్నాడు, చేతికంటిన సిమెంటు వైపు చూస్తూ.

ఆ మాటనే మర్నాడు బడిలో అందరికీ శుభవార్తలా చెప్పాను.