పరుపుల కాలేషా అడిగిన దారి

ఏలూరు పాత మార్కెట్‌లో కాలువ వైపు దిగే వీధిలో పరుపుల కాలేషా అంటే తెలియనివారు లేరు. తండ్రి దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగిన మనిషి. కాలేషా కాలానికి మెషీన్ వచ్చింది, సొంత కొట్టు వచ్చింది. బూరుగుదూది పరుపు కావాలంటే గుండుగొలను నుంచి కూడా పెళ్ళివారు ఆయన దగ్గరికే వచ్చేవారు. చొక్కా మీద ఎప్పుడూ దూది నలకలు, గొంతులో చిన్న దగ్గు. గట్టిగా మాట్లాడటం ఎరగడు.

కొట్టుకి ఎదురుగా రోడ్డు వార అచ్చాయమ్మ చేపలు అమ్మేది. కొల్లేటి లంకల నుంచి పొద్దున్నే కొర్రమీనులు, జెల్లలు తెచ్చి గోనెపట్టా మీద పోసుకునేది. మేడ మీద కాలేషా భార్య హలీమా టీ కాస్తే ఒక గ్లాసు అచ్చాయమ్మకి దిగేది. బేరాలు లేని వేళ ఆడవాళ్ళిద్దరూ కొట్టు మెట్ల మీద కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునేవారు.

ఒక ఆదివారం ఉదయం హలీమా వంటింట్లో గుండె పట్టుకుని కూలబడింది. అంబులెన్స్ వచ్చింది గాని వీధి మొదట్లోనే ఆగిపోయింది. ఇటు కూరగాయల బళ్ళు, అటు చేపల గంపలు, మధ్యలో ఇసుక వేస్తే రాలనంత జనం. అచ్చాయమ్మ తన గంపని తనే పక్కకి తన్నేసి, “తప్పుకోండి బాబూ, మనిషి పోతంది!” అని అరుస్తూ ముందు పరిగెత్తింది. కొత్తగా కుట్టిన పరుపు మీద హలీమాని మోసుకుపోయారు. ఆసుపత్రిలో డాక్టరు చెయ్యి పట్టి చూసి, “ఇంకాస్త ముందు తేవలసిందండీ” అన్నాడు.

ఆ తర్వాతి సంవత్సరం పాత మార్కెట్‌ని బాగుచేస్తామని, ఎలా చేయాలో వీధివాళ్ళే చెప్పాలని కార్పొరేషన్ నుంచి కబురు వచ్చింది. ఆ పని మీద వచ్చిన ఉషశ్రీ అనే అమ్మాయి గడపగడపకీ తిరిగి అందరినీ కల్యాణమండపానికి పిలిచింది. నేల మీద వీధి బొమ్మ ఉన్న పెద్ద ఫ్లెక్సీ పరిచి రెండు మార్గాలు చూపించింది. రోడ్డు వార అమ్మేవాళ్ళని అక్కడే ఉంచి బళ్ళ రాకపోకలు తగ్గించడం ఒకటి. అందరినీ కాలువ చివర కట్టే షెడ్డుకి పంపి రోడ్డు వెడల్పు చేయడం రెండోది.

వాదనలు ముదిరాయి. అప్పుడు కాలేషా లేచాడు.

“నాకేం కావాలో చెప్తానండీ. అంబులెన్స్ గుమ్మం దాకా రావాలి. అంతేనండీ.”

ఆ మాట చెప్పి కూర్చున్నాడు. హలీమా సంగతి అందరికీ తెలిసిందే. రెండో మార్గానికి చేతులెత్తమంటే దాదాపు అందరూ ఎత్తారు. అచ్చాయమ్మ కూడా ఎత్తింది.

రోడ్డు పడింది. దీపాలు వచ్చాయి, కాలువ గట్టున బెంచీలు వచ్చాయి. కాలేషా కొట్టుకి బేరాలు పెరిగాయి. కాలువ చివరి షెడ్డు వైపు మాత్రం కొనేవాళ్ళు రాలేదు. మిగిలిపోయిన చేపలు సాయంత్రానికి పాడైపోయేవి. ఒక్కొక్కరే మానేశారు. ఒక రోజు కాలేషా చూడబోతే అచ్చాయమ్మ చోటు ఖాళీగా ఉంది.

వాకబు చేసుకుంటూ కలిదిండి వెళ్ళాడు. అచ్చాయమ్మ అక్కడ కూతురి ఇంట్లో ఉండి, రొయ్యల తలలు తీసే షెడ్డులో పనికి పోతోంది. ఐసులో నాని ఆమె వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

“నేనడిగిన దారి వల్లే కదమ్మా నీకిలా అయింది!” అన్నాడు.

“అదేం మాటండీ అన్నయ్యగారూ. హలీమమ్మ మొకం గుర్తొచ్చి నేనే చెయ్యెత్తాను. దారి కావాల్సిందేనండీ. మాకూ కాస్త చోటుంచమని ఆ రోజు ఎవరం అడగలేదు, అంతేనండీ.”

“నేను అడగాల్సిందమ్మా,” అన్నాడు కాలేషా. ఆమె కాదనలేదు.

తిరిగి వచ్చి ఉషశ్రీని కలిశాడు. ఆమె మళ్ళీ మీటింగ్ పెట్టించింది. ఉదయం పూట రోడ్డు వార చేపలవాళ్ళకి కొంచెం చోటిద్దామని కాలేషా అడిగాడు. కొత్తగా బట్టల షాపులు పెట్టినవాళ్ళు నీచువాసన అని ఒప్పుకోలేదు. చేపలవాళ్ళలో ఆ రోజు వచ్చినవాళ్ళే లేరు. చేతులెత్తమంటే కాలేషాతో పాటు ఇద్దరు ముగ్గురే ఎత్తారు.

“వాళ్ళని ముందే వెతికి పిలవాల్సిందండీ,” అంది ఉషశ్రీ, ఫ్లెక్సీ చుడుతూ. కాలేషా రెండో కొస పట్టుకున్నాడు.

మర్నాడు ఆయన కొట్టు ముందుభాగంలో పరుపులన్నీ లోపలికి సర్దించి, అక్కడ కూర్చుని అమ్ముకోమని చేపలవాళ్ళకి కబురు పెట్టాడు. చేపల పక్కన పరుపులేమిటని పెళ్ళివారు రావడం తగ్గించారు. నిస్సీ అనే ఆవిడ, ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. అచ్చాయమ్మ మాత్రం రాలేదు. వేళ్ళు కొంకర్లు పోయాయని, ఇక కత్తిపీట ముందు కూర్చోలేనని నిస్సీతో చెప్పి పంపింది.

ఆ మాట విని కాలేషా మెషీన్ ఆపేశాడు. ఆ పూట మళ్ళీ వెయ్యలేదు.